పీతలదిబ్బ ఎలుక దవడ

ఎలుక అర నిమిషం కదలకుండా ఉంటే చాలు, పని అయిపోతుంది. అది కదిలింది. డాక్టర్ యశోధర విసుక్కుంటూ దవడ స్కానర్‌ని మళ్ళీ మొదలుపెట్టింది. అప్పటికే సముద్రం, పీతలదిబ్బ లంకలో ఆమె స్కానర్ పెట్టుకున్న కాశమ్మ ఇంటి రెండో మెట్టు ఎక్కేసింది.

ఆ యంత్రం చేసే పని సులువుగానే చెప్పొచ్చు. బతికున్న జంతువు తలను ఎక్స్‌రేలతో చుట్టూ చూసి, పుర్రెనీ దవడనీ త్రీడీ బొమ్మగా నిలబెడుతుంది. నీళ్ళ మధ్య చిక్కుకున్న జంతువులు తరాలు గడిచేకొద్దీ తమ చుట్టాల పోలిక విడిచిపెడతాయి. పక్క లంకలో గడ్డిగింజలు తినే ఎలుకకి దవడ సన్నం. పీతలదిబ్బ ఎలుకకి మూతి పొట్టి, దవడ లావు. ఏ తిండి ఆ ఎముకని అలా మలిచిందో కూడా చెప్పగలగడమే స్కానర్ గొప్ప.

యశోధర ఉపాయం వేరే. ఈ ఎలుక కొత్త జాతి అని తేలితే దిబ్బ అభయారణ్యం అవుతుంది. అప్పుడు మనుషుల్ని ఖాళీ చేయించి, మెరక మీద కట్టిన కాలనీ ఇళ్ళు ఇవ్వక తప్పదు. మునిగిపోతున్నాం మొర్రో అంటే వినని ప్రభుత్వం ఎలుక మాట వింటుందని ఆమె ధీమా.

"ఎలక పేరు చెప్పుకుంటే మాకు ఇళ్ళొస్తాయంటారా, డాక్టరమ్మా?" అంది కాశమ్మ, పెరట్లోకి ఎండు పీతలు విసురుతూ.

"వస్తాయి పిన్నీ. నాదీ పూచీ. ఆ పీతలెందుకు పారేస్తున్నారు?"

"పారెయ్యడం కాదండి. వలలు కొరక్కుండా ఎలకల వాటా ముందే పెట్టేస్తాం. మా ముత్తాతల కాడ్నుంచీ అంతేనండి."

యశోధర చెవి అటు ఉన్నా మనసు తెర మీదే ఉంది. కొత్త జాతి అని తేలింది. అక్కడితో ఆగితే బాగుండేది. శాస్త్రవేత్త చెయ్యి ఊరుకోదు కదా, స్కానర్‌ని కారణం కూడా అడిగింది. తరతరాలుగా తిన్న ఎండు పీతలే ఆ దవడని పెంచాయని జవాబు వచ్చింది. కాశమ్మ మాట దానికి కలిపితే, పీతలు వేసే మనుషులు లేకపోతే ఆ జాతి నిలవదని తేలింది. ఇంత అందమైన ఫలితం ఆమెకి జన్మలో దొరకలేదు. ఆ ఉబ్బులో వెనకాముందూ చూడకుండా రిపోర్టు పంపేసింది.

మనుషులు అక్కడే ఉండి తీరాలని తనే రాసిచ్చేసిందని పంపాక గాని తట్టలేదు. ఫోన్ మోగేదాకా కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరుగుతూనే ఉంది.

"అభినందనలు," అన్నాడు రాజధాని నుంచి అధికారి. "ఎలుకకి రక్షణ మంజూరైంది. మీరు రాసినట్టే, దిబ్బ మీది మనుషులు దాని ఆవాసంలో భాగం. ఇక వాళ్ళని కదపకూడదు."

"నీళ్ళు ఇళ్ళలోకి వస్తున్నాయి సార్."

"సముద్రానికి అడ్డుగోడ కట్టాలని ప్రతిపాదన పంపాం."

"మరి కాలనీ ఇళ్ళు?"

"పరిశోధన సిబ్బందికి కేటాయించాం. మొదటిది మీ పేరనే."

కాశమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. యశోధరకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా దాచకుండా అంతా చెప్పింది, తనకిచ్చిన కాలనీ ఇంట్లో అడుగుపెట్టనని కూడా చెప్పింది.



"వెళ్ళండమ్మా," అంది కాశమ్మ నీళ్ళకేసి చూస్తూ. "మనలో ఒకరైనా గట్టెక్కారు."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది యశోధరకి.