బస్తా అడుగు పప్పు

ఒక్క నిమిషం ఆగండి. పొయ్యి మీద పాలుంటే మంట తగ్గించి రండి, పిల్లలు పిలిస్తే వస్తున్నానని చెప్పండి, ముందు ఇది వినండి. జనగామలో బ్రహ్మానందం సేటు ఇంట్లో మొన్న బుధవారం రెండు కిలోల కందిపప్పు వల్ల కోడలు బట్టలు సర్దుకునేదాకా వచ్చింది. నిజంగా, రెండంటే రెండే కిలోలు.

ఆ రోజు పొద్దున అంతా మామూలుగానే ఉంది. తొమ్మిదింటికి ఇంత పప్పన్నం తిని దుకాణానికి వెళ్ళడం బ్రహ్మానందానికి అలవాటు. కోడలు ప్రసూన కంచం పెట్టింది, భార్య కనకమ్మ పక్కన కూర్చుని నెయ్యి వేసింది. కొడుకు ఉమేష్ తెల్లవారకముందే ట్రాలీ ఆటోలో పెళ్ళి సరుకులు వేసుకుని భూపాలపల్లి వెళ్ళాడు. అంత దూరం నుంచి కూడా పెళ్ళంటే చాలు, బ్రహ్మానందం దుకాణంలోనే సరుకులు కావాలంటారు.

"పప్పు ఎట్లున్నదో చూసినవా కనకమ్మా," అన్నాడు రెండో ముద్ద మింగుతూ. "వెన్న లెక్క కరుగుతుంది. తాండూరు సరుకంటే గిట్లుంటది. ఈ మధ్య మిల్లోడు కూడ మంచిగ చేస్తున్నడు."

ప్రసూన గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. కనకమ్మ మాత్రం మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"ఇంకింత వేసుకోన్రి," అంది.

మార్కెట్ రోడ్డులో తండ్రి పెట్టిన దుకాణం అది, బ్రహ్మానందం చేతికొచ్చి ముప్పై అయిదేళ్ళు. ధర పక్కవాళ్ళకంటే పదో పదిహేనో ఎక్కువే ఉంటుంది, కానీ సరుకు మీద ఇంతవరకు ఒక్కరూ మాట అనలేదు. ఎవరైనా బేరం ఆడితే బ్రహ్మానందం ఒకటే మాట చెప్పేవాడు, "మా ఇంట్ల తినేదే మీకిస్తున్న." ఆ మాట మీదే దుకాణం నడిచింది. పోయిన ఏడాది హైదరాబాద్ రోడ్డు మీద తక్కువ ధరల మార్ట్ ఒకటి వచ్చింది. ఏసీ, తోపుడు బండ్లు, ఒకటి కొంటే ఒకటి ఉచితం. అప్పటినుంచి ఆయనకు ఆ మార్ట్ పేరెత్తితే ఒళ్ళు మంట. అక్కడి పప్పుకు పాలిష్ కొడతారని, అంతా పాత సరుకని, తింటే కడుపునొప్పి ఖాయమని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆయన మాత్రం ఆ మార్ట్ గడప ఏనాడూ తొక్కలేదు.

పదకొండు గంటలకు అంగన్‌వాడీ టీచర్ సోమక్క వచ్చింది. ఇరవై ఏళ్ళ ఖాతాదారు. దుకాణంలో అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు.

"సేటూ, కందిపప్పు కిలో ఎట్ల?"

"నూట అరవై అక్కా. నీకు తెల్వదా."

"మార్ట్‌ల నూట ముప్పై ఎనిమిదికే ఉంది."

"గది తిన్నంక దవాఖాన ఖర్చు అలగ్. నా మాట విను, మా ఇంట్ల తినేదే నీకిస్తున్న."

సోమక్క సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "మీ ఇంట్ల తినేదే గావాలంటే నేను మార్ట్‌కే పోవాలె మరి. నిన్న సాయంత్రం మీ ప్రసూనను గాడనే చూసిన. తోపుడు బండిల రెండు కిలోల కందిపప్పు, ఇంత చక్కెర. నన్ను చూసి సబ్బుల వెనక దాక్కున్నది పాపం."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక నుంచి ఒకతను, "సేటు గారింట్ల కూడ ఆఫర్ పప్పేనా," అన్నాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. బ్రహ్మానందం చేతిలో ఉన్న జీలకర్ర పొట్లం అలాగే ఉండిపోయింది. తర్వాత ఆయన ఎవరి వైపూ చూడకుండా అందరినీ పంపించి, పట్టపగలు పదకొండున్నరకు షట్టర్ దించేశాడు. వాళ్ళమ్మ పోయిన రోజు తప్ప అలా ఎప్పుడూ దించలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు, నేరుగా వంటింట్లోకి. బియ్యం డబ్బా వెనక, పాత గుడ్డ కింద దొరికాయి. రెండు ప్యాకెట్లు, వాటి మీద పసుపు రంగు ధర స్టిక్కర్.

"ప్రసూనా, ఇటు రా."

ఆమె వచ్చింది. ప్యాకెట్లు చూడగానే తల వంచుకుంది.

"ఇవి ఏంది?"

"పప్పు మామయ్యా."

"పప్పని నాకు కనవడుతుంది. ఎక్కడిది?"

ఆయనే ఆ పసుపు స్టిక్కర్ మీద వేలు పెట్టాడు.

"నలుగురిల నవ్విన్రు నన్ను," అన్నాడు. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ భయం వేసింది ఆమెకు. "ముప్పై అయిదేండ్ల పేరు. గా మార్ట్‌ది తినద్దని ఊరందరికి చెప్తుంటే, నా ఇంట్ల కెల్లి పోయి నా కోడలు అదే కొంటున్నది. రేపు నేను ఏ మొహం పెట్టుకొని షట్టర్ లేపాలె?"

"తప్పయింది మామయ్యా."

"ఎన్ని రోజుల సంది?"

ప్రసూన నోరు తెరిచింది. ఒక్క మాట చెప్తే ఆమె మీది నింద తప్పిపోతుంది. కానీ పెరట్లో బట్టలు ఆరేస్తున్న అత్తగారి వైపు కిటికీలోంచి ఒకసారి చూసి నోరు మూసుకుంది.

"నేనే తెచ్చిన. అంతా నాదే తప్పు," అంది.

"అయితే బట్టలు సర్దుకో. సాయంత్రం ఉమేష్ వస్తడు, మానుకోటల మీ బాపు ఇంటికాడ దింపి వస్తడు. మా దుకాణం పప్పు నచ్చనోళ్ళకు మా ఇల్లు మాత్రం ఏం నచ్చుతది."

మూడేళ్ళ కాపురం. ప్రసూన గదిలోకి వెళ్ళి అల్మారా మీది సంచి దింపింది. చీరలు ఒక్కొక్కటే మడిచి పెడుతుంటే కళ్ళలోంచి నీళ్ళు వాటి మీదే పడుతున్నాయి. ఏం చెప్పాలి పుట్టింట్లో? పప్పు కోసం పంపేశారని చెప్తే ఎవరైనా నమ్ముతారా?

"సంచి కింద పెట్టు."

తడి చేతులతో కనకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తమ్మా, మీరు ఊకోండ్రి."

"నువ్వు ఊకో. నా పేరు చెప్పకుండ నువ్వు మానుకోట పోతే నాకు అన్నం దిగుతదా?" భర్త వైపు తిరిగింది. "ప్రసూనను తెమ్మన్నది నేను. ఆరు నెలల సంది నేనే తెప్పిస్తున్న. కొంచెం కూసోండ్రి, మీకొకటి చూపెట్టాలె."

ఆమె చాట తెచ్చింది. అటక కింది నుంచి ఒక రేకు డబ్బా లాగి, అందులోది చాటలో కుమ్మరించి భర్త ముందు పెట్టింది. నూక, పొట్టు, గోనె పోగులు, చిన్న చిన్న మట్టి గడ్డలు. మధ్యలో పప్పు. పప్పు మీద పురుగులు మెల్లగా పాకుతున్నాయి.

"ఇది గా మార్ట్‌ల ఇస్తరా?" అన్నాడు బ్రహ్మానందం అసహ్యంగా.

"ఇది మీ దుకాణంల కెల్లి సోమారం నాడు మీరు పంపిందే."

ఆయన చాట దగ్గరికి వంగి చూశాడు.

"బస్తా అడుగుది. గిరాకికి ఇయ్యరాదు, పారేస్తే పాపం అని ఇంటికి పంపుతరు. మీ నాయిన గట్లనే చేసిండు, మీరు గట్లనే చేస్తున్నరు. నేను ఈ ఇంటికి వచ్చిన కాడికెల్లి ఇదే చెరిగిన, ఇదే ఏరిన, ఇదే వండిన. నాకు ఏనాడు బాధ కాలే. ఎందుకు కాలేదో తెలుసా? మొదట్ల అలవాటైంది, తర్వాత కండ్లకే సక్కగ కనవడకపోతుండె."

నవ్వబోయి ఆగిపోయింది.

"ఎండకాలంల వరంగల్ తీస్కపోయి కంటి ఆపరేషన్ చేపిచ్చిన్రు గద. ఇంటికొచ్చినంక నాలుగో రోజు చాట ముందల పెట్టుకున్న. అప్పుడు కనవడ్డది నాకు, ఇన్నేండ్లు మేం ఏం తిన్నమో, మీకు ఏం పెట్టిన్నో. ఆ రోజు నాకు అన్నం తినబుద్ధి కాలే."

"నాకు చెప్తే అయిపోతుండె గద."

"రెండుసార్లు చెప్పిన. జర కడిగి వండు, ఏం కాదు అన్నరు. మూడోసారి చెప్పబుద్ధి కాక ప్రసూనకు సంచి ఇచ్చి పంపిన. పొద్దుగాల మీరు వెన్న లెక్క కరిగిందన్న పప్పు, మార్ట్‌దే."

బ్రహ్మానందం చాటలోని ఒక పురుగును వేలితో పక్కకు తోశాడు.

"మీరు ఊరిని ఎన్నడు మోసం చెయ్యలే," అంది కనకమ్మ, ఈసారి మెల్లగా. "గది నాకు తెలుసు. వాళ్ళకు మంచిదే ఇచ్చిన్రు. కని మా ఇంట్ల తినేదే మీకిస్తున్న అంటరు చూడున్రి, గా ఒక్క మాట మాత్రం నిజం కాదు."

బ్రహ్మానందం చాట వైపే చూస్తూ కూర్చున్నాడు. పై సరుకు గిరాకిది, అడుగుది మనది అని తండ్రి నేర్పినప్పుడు ఆయనకు పద్నాలుగేళ్ళు. అది నిజాయితీ అనుకున్నాడు. పొదుపు అనుకున్నాడు, ధర్మం అనుకున్నాడు. ఆ అడుగు సరుకు ముందు రోజూ గంటసేపు వంగి కూర్చునేది ఎవరో ఎప్పుడూ ఆలోచించలేదు. వాళ్ళమ్మ కూర్చుంది. తర్వాత కనకమ్మ. ఇక ప్రసూన కూర్చోవాలి.

లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"అత్తమ్మా, మామయ్య ఎటు పోయిండు?" అంది ప్రసూన.

"ఏమో. చెప్పులు వేసుకొనే ఉన్నడు గద, పోనీ."

అరగంటకు వచ్చాడు. చేతిలో కాగితం సంచి. దుకాణంలో అప్పుడే మూతి కుట్టు విప్పిన కొత్త బస్తా పై నుంచి తీసిన పప్పు.

"రెండు వండున్రి. ఇది వేరే, గా మార్ట్‌ది వేరే. ఏది ఏందో చెప్పకున్రి. తిని చూడాలె."

"మీరేం చెప్తరు," అంది కనకమ్మ. "ఆరు నెలలు తిని గుర్తుపట్టలే."

"నేను కాదు. నువ్వు తిను."

రెండు కుక్కర్లు పెట్టారు. ఉప్పు, పసుపు తప్ప ఇంకేమీ వెయ్యలేదు. ప్రసూన రెండు గిన్నెల్లో తెచ్చి అత్తగారి ముందు పెట్టింది, ఏది ఏదో తనకు మాత్రమే తెలుసు. కనకమ్మ మొదటిది నాలుక మీద వేసుకుంది.

"ఇది మంచిగనే ఉంది. మెత్తగ ఉడికింది. వంక పెట్టనీకి లేదు."

రెండోది తింది. మళ్ళీ ఇంకొంచెం తీసుకుంది.

"ఇది కమ్మగుంది. వాసన తెలుస్తుంది. శాన తేడా లేదు, జరంత. ఇది ఎవలది ప్రసూనా?"

"మనదే అత్తమ్మా."

"మనదేనా?" కనకమ్మ గిన్నె వైపు చూసింది. "ముప్పై నాలుగేండ్లయింది ఈ ఇంటికొచ్చి. మన దుకాణం పప్పు గిప్పుడే తింటున్న."

ఆ మాట ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. వింతగా ఉందని అంది, అంతే. బ్రహ్మానందం కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే తెలిసింది ఏడుస్తున్నాడని. కనకమ్మ ఆ గిన్నె ఆయన ముందుకు జరిపింది.

"ప్రసూనా," అన్నాడు కండువా తీసి. "సంచి లోపల పెట్టు బిడ్డా. తప్పు నాది."

ప్రసూన అక్కడే గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చేసింది. పొద్దుటినుంచి గుండె మీద ఉన్న బండ దిగినట్టయింది. ఏడుస్తూనే నవ్వు వచ్చింది, ఆ ధైర్యంతో ఇంకో మాట కూడా వచ్చింది.

"మామయ్యా, ఒకటి చెప్పాల్నా? గాడ పప్పు, చక్కెర మంచిగనే ఉంటయి. కారం మాత్రం బాగుండదు, రంగే గని ఘాటు లేదు. చింతపండు కూడ మనదే మంచిది. గవి నేను ఎన్నడు తేలే."

బ్రహ్మానందం రెండో మార్ట్ ప్యాకెట్ విప్పి పప్పు అరచేతిలో పోసుకున్నాడు. రుద్దాడు, వాసన చూశాడు, ఒక బద్ద కొరికాడు. ముప్పై అయిదేళ్ళ చెయ్యి కదా, అబద్ధం చెప్పలేదు.

"పాలిష్ లేదు. ఈ యేటి పంటే," అన్నాడు ఇష్టం లేకపోయినా. "చేతిల పట్టుకోకుండనే కడుపునొస్తదని చెప్పిన ఇన్ని రోజులు."

అప్పుడే ఉమేష్ భూపాలపల్లి నుంచి దిగాడు. దుమ్ము కొట్టుకుని, ఆకలితో. రెండు గిన్నెలు, మధ్యలో పురుగుల చాట, గోడకు ఆనుకుని భార్య, ఎర్రటి కళ్ళతో తండ్రి.

"ఏమైంది నాయినా? ఎవరన్న సుట్టాలు వస్తున్నరా, రెండు పప్పులు వండిన్రు?"

ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. అతనికి ఏమీ అర్థం కాలేదు, కాళ్ళు కడుక్కుని వచ్చి రెండు గిన్నెలూ ఖాళీ చేశాడు.

మర్నాడు పొద్దున షట్టర్ లేచింది. సోమక్క సెంటర్‌కు వెళ్తూ అటువైపు చూడకుండా దాటిపోబోయింది, నిన్న అనవసరంగా నోరు జారానని ఆమెకూ బాధగానే ఉంది. బ్రహ్మానందమే పిలిచాడు. నిన్న నవ్వినవాళ్ళలో ఇద్దరు అక్కడే ఉన్నారు. వాళ్ళు వింటుండగానే చెప్పాడు, ఇంటికి అడుగు సరుకు పంపానని, అందుకే ఆడవాళ్ళు మార్ట్‌కు వెళ్ళారని, అక్కడి పప్పు చెడ్డదేమీ కాదని.

"మరి నన్నేం చెయ్యమంటవ్ సేటూ?" అంది సోమక్క తెల్లబోయి.

"నీ ఇష్టం అక్కా. నాది జరంత కమ్మగుంటది. ఇరవై రెండు రూపాయలకు తగ్గ కమ్మదనమా కాదా, గది తిన్నోళ్ళు చెప్పాలె."

సోమక్క ఆలోచించింది. "కారం, చింతపండు నీ దగ్గరనే కట్టు. చక్కెర గాడనే కొంట. పప్పు పావు కిలో ఇయ్యి, తిని చెప్త."

ఇరవై ఏళ్ళుగా నెలకు మూడు కిలోలు కొనే మనిషి పావు కిలో తీసుకుని వెళ్ళింది. అయినా బ్రహ్మానందానికి ఎందుకో ఒళ్ళు తేలికగా అనిపించింది. ఎవరి దగ్గరా దాచాల్సింది ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు చెప్పండి. ఆ దుకాణంలో మీరే కూర్చుని ఉంటే, అంతమంది ముందు సోమక్కకు ఆ నిజం చెప్పేవారా?