బోణీ ధర

తాయారు కొట్టు తలుపు తీసి, అమ్మకానికున్న గుండె ఆపరేషన్ వంతులను ఒకవైపు, మోకాలి ఆపరేషన్ వంతులను ఇంకోవైపు తెరమీద పేర్చింది. ముసురు పట్టింది కనుక మోకాళ్లకు గిరాకీ ఉంటుంది. వాటిని ముందుకు జరిపింది. గుంటూరు వంతుల యార్డులో ఇంకా గంట కొట్టలేదు. ఆపరేషన్ కావలసినవాళ్లు గేటు బయట గొడుగుల కింద నిలబడి ఉన్నారు.

ఆమె తండ్రి మిర్చి అమ్మాడు. ఆమె ఆసుపత్రి వంతులు అమ్ముతోంది. సరుకు మారింది గాని కిటుకు మారలేదు: ధర లేస్తుందనిపిస్తే దాచాలి, పడుతుందనిపిస్తే వదలాలి. ఒక్కటే ఇరకాటం. దళారీ తన సరుకును తనవాళ్లకు వాడకూడదు, వేరే కొట్టులో కొనాలి. మొగుడు ఆంజనేయులుకు గుండె కవాటం చెడి ఏళ్లయింది. ఆమె నేర్పుగా గుండె ధర పెంచిన కొద్దీ, వేరే కొట్టులో కొనబోయినా అదే ధర ఎదురొచ్చేది. మానేద్దామా అంటే, కొట్టు మూసిన దళారీ కుటుంబాన్ని ఆపరేషన్ల వరసలోంచే తీసేస్తారు. యార్డు మొత్తంలో ఆంజనేయులంత కాలంగా ఎదురుచూస్తున్నవాడు లేడు.

సలోమి మైకు పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు నర్సు, ఇప్పుడు 'ఉమ్మడి ఊపిరి' అనే పాడ్‌కాస్ట్ నడుపుతోంది. వైద్యం అంగడి సరుకు కాకూడదని రోజూ యార్డులోంచే ప్రసారం చేస్తుంది. యార్డు ఆమెను ఎన్నడూ ఆపలేదు.

"ఎందుకు ఆపలేదో తెలుసా?" అంది తాయారు. "నువ్వు మాట్లాడిన రోజు జనం హడలిపోతారు. హడలితే కొంటారు. నీ వల్ల నాకు నాలుగు రాళ్లు ఎక్కువే మిగిలినయ్యి."

సలోమి మొహం మాడింది. "అట్టా అనమాకండి పిన్నిగారూ. ఉద్యోగం వదులుకుని చేస్తన్నా."

"గిట్టని యాపారం చేశావు. ఎర్రజెండా పట్టుకుని నా కొట్టుకి టముకు వేశావు."

"అయితే నోరు మూసుకోమంటారా?"

తాయారు గుండె వంతుల ధర వైపు చూసింది. పొద్దున కాఫీ గ్లాసు ఎత్తడానికి ఆంజనేయులు రెండు చేతులూ వాడాడు. ఇవాళ అమ్మితే లాభం; రేపటికి ధర ఇంకా లేస్తుంది, ఆ లాభంతో ఆయనకు కొనడం కుదరదు; ఎల్లుండీ అంతే. ఎన్నాళ్లు కలిపినా తేలని కూడిక.

గంట మోగింది. ధరలూ వరసలూ కట్టే యార్డు యంత్రానికి నడక నేర్పింది పాత వర్తకులే. బోణీ బేరం ఏ ధరకు తెగితే ఆ పూట అన్ని కొట్లకూ అదే ధర. ఆ బోణీ అమ్మిన బోణీదారు మాటే షరతు. బోణీని ఉచితంగా ఇచ్చే వర్తకుడు పుట్టడనుకుని, సున్నా వస్తే ఏం చెయ్యాలో దానికెవరూ చెప్పలేదు.

గేటు దాటి ముందుగా మస్తాన్‌వలి వచ్చాడు. ఆటో నడుపుతాడు. తల్లి గుండెజబ్బుకని రోజూ ధర అడిగి వెళ్లిపోతాడు.

"ఇయ్యాల గుండె ఎంత పిన్నిగారూ?"

"బోణీ నీదే. తీసుకో. రూపాయి వద్దు."

"పొద్దున్నే నేనే దొరికానా ఎగతాళికి?"

"బోణీ దగ్గర ఎగతాళి చేసే వంశం కాదు మాది. మీ అమ్మ పేరు చెప్పు."

"ఖాసింబీ," అన్నాడు, నమ్మకుండానే.

ఆ మాటలన్నీ సలోమి మైకులోంచి ఊరంతా వినిపించాయి. తెరమీద ధరలు ఒక్కొక్కటే సున్నా అయ్యాయి. ఎదురుకొట్టు కోటయ్య చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"కొంప ముంచావు తాయారమ్మా."

"ముందు మునిగింది నాదే కోటయ్యా. నువ్వు నా వెనకే ఉన్నావు."

యంత్రం ఎన్నడూ అడగని ప్రశ్న అడిగింది. "ధర లేదు. వరస దేన్ని బట్టి పెట్టాలి? బోణీదారు చెప్పాలి."

ముందు వచ్చినవాళ్లకు ముందు అంటే చాలు, సాయంత్రానికి ఆంజనేయులు ఆపరేషన్ బల్లమీద ఉంటాడు. న్యాయమైన మాటే, ఎవరూ వేలెత్తి చూపలేరు. గేటు దగ్గర ఒకామె పెదాలు నీలమెక్కిన పిల్లను భుజాన వేసుకుని నిలబడింది. నిన్ననే వచ్చిన మనిషి.

సలోమి మైకు దగ్గరగా జరిపింది.

"ఎవరి జబ్బు ముదిరిందో చూసి పెట్టు," అంది తాయారు.

తెరమీద పేర్లు కదలసాగాయి. ఆంజనేయులు పేరు ఎక్కడ ఆగుతుందో చూడటానికి ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది.