కోళ్ల ఫారం దగ్గర ఆముదం వాసన

మిరుదొడ్డి నుంచి మా ఊరికి వచ్చే దారిలో మూతపడ్డ కోళ్ల ఫారం ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. అక్కడ ఎవరో ఉరేసుకున్నారని చెప్తారు. ఎవరని మాత్రం అడగొద్దు... ఊళ్లో అందరూ బతికే ఉన్నారు, అయినా ఉరి జరిగింది.

ఈ మధ్య ఆ దయ్యానికి ఒక గుర్తు కూడా దొరికింది. చీకటి పడ్డాక ఫారం ముందు నుంచి పోతే — మాడిన ఆముదం వాసన. లోపల ఎవరో దగ్గినట్టు చప్పుడు. ఆ వెనకే పొగ.

దయ్యానికి ఆముదం ఇష్టమని మావాళ్లు వెంటనే కనిపెట్టేశారు. గేటు ముందు పసుపు, నిమ్మకాయలు, చిన్న సీసాలో ఆముదం పెట్టడం మొదలైంది. తెల్లారి చూస్తే పసుపు అక్కడే ఉండేది. నిమ్మకాయలు ఉండేవి కావు, సీసా కూడా ఉండేది కాదు. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఈ కథ నాకు మా ఊరి యాదలక్ష్మి చెప్పింది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది కాబట్టి మీకు చెప్తున్నాను.

యాదలక్ష్మి మొగుడు మల్లేశ్. సిద్దిపేటలో బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఊరి మోటార్లన్నీ బాగుచేసి వచ్చి సొంత సంసారం పాడుచేసుకోవడానికి ఆయనకొక బండి ఉండేది. గుట్టల మీద, మట్టి దిబ్బల మీద ఎగిరి దూకే పాతకాలపు మోటోక్రాస్ బండి, టూ స్ట్రోకుది. హైదరాబాదులో ఎవరో వదిలించుకుంటుంటే ఈయన కొత్త పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు.

దానికి లైటు లేదు, హారన్ లేదు, తాళంచెవి లేదు. రోగాలు మాత్రం అన్నీ ఉన్నాయి. పిస్టన్ బియ్యం డబ్బా మీద ఉండేది, చైను స్నానాల గదిలో నానేది. ఒకనాడు కార్బురేటర్‌ను యాదలక్ష్మి పప్పుగిన్నెలో వేసి, నిమ్మరసం పిండి ఉడకబెట్టాడు. లోపలి జిడ్డు వదులుతుందట. ఆమె వచ్చి మూత తీసి చూసింది.

"గీ ఇంట్ల గదన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

బండిని పాత సామాన్లోడికి అమ్మేశానని మల్లేశ్ కొమురవెల్లి మల్లన్న మీద ఒట్టేశాడు. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి దేవుడు సర్దుకుంటాడనుకున్నాడేమో. ఆ మర్నాటి నుంచే ఆయనకు భక్తి పుట్టింది. రోజూ పొద్దుగూకగానే మిరుదొడ్డిలో భజన ఉందని బయల్దేరేవాడు.

దారిలో కోళ్ల ఫారం...

రెండు నెలలకు మనిషి మారిపోయాడు. కళ్లు ఎర్రబడ్డాయి. అన్నం ముందు కూర్చుని గోడ వంక చూసేవాడు. ఒకనాడు ఉతకబోతూ యాదలక్ష్మి ఆయన చొక్కా వాసన చూసింది — ఆముదం. మిగతావాళ్ల మొగుళ్ల చొక్కాలకు సెంటు వాసన వస్తుంది, పట్టుకుని కడిగేయొచ్చు. ఈమెకు ఆ అదృష్టం కూడా లేదు. రోజూ అటు పోయీ పోయీ మనిషికి దయ్యం పట్టిందని ఆమెకు అర్థమైంది.

యాదలక్ష్మి బల్లిని చూస్తే వాకిట్లో పడుకునే మనిషి. కానీ మల్లేశ్ అంటే ప్రాణం. ఆ సంగతి ఆయనకు తప్ప ఊరందరికీ తెలుసు. ఆయన లేని ఇల్లు తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

ఒక శుక్రవారం ఆయన వెళ్లాక, సీసా నిండా ఆముదం పోసుకుంది. ఆడదయ్యం అయితే పనికొస్తుందని ఎర్ర రవికె గుడ్డ ఒకటి చేత పట్టుకుంది. ఒక్కతే బయల్దేరింది.

దారి పొడుగునా పత్తి చేలు. మనిషి జాడ లేదు. ఫారం దగ్గరికి వచ్చేసరికి... వాసన. మామూలుగా కాదు, గొంతులోకి దిగేంత.

గేటు దగ్గర ఆగింది. లోపల ఎవరో గుసగుసగా మాట్లాడుతున్నారు.

"ఏందే నీ బాధ? అన్నీ చేస్తున్న కదా... ఇంకేం గావాలె?"

అది మల్లేశ్ గొంతు. తనతో ఎన్నడూ అంత మెత్తగా మాట్లాడలేదు. భయంతో పాటు యాదలక్ష్మికి కొంచెం కడుపు కూడా మండింది.

సీసా కింద పెట్టి దండం పెట్టింది. "అవ్వా, నువ్వెవరన్న గాని... మా ఆయన్ని ఇడ్సిపెట్టు."

జవాబుగా లోపల ఒక అరుపు లేచింది. సన్నగా మొదలై, పెరిగి పెరిగి... ఆగలేదు. రేకులు అదిరాయి. తలుపు సందుల్లోంచి తెల్లగా పొగ తోసుకొచ్చింది. ఆ పొగలో మల్లేశ్ కేక.

పారిపోదామనే అనుకుందట. కాళ్లు మాత్రం లోపలికి పరుగెత్తాయి.

పొగ మధ్యలో నల్లగా ఏదో ఊగిపోతోంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని మల్లేశ్. పెళ్లాన్ని చూసి దయ్యాన్ని చూసినట్టు కొయ్యబారిపోయాడు. మరుక్షణం తేరుకున్నాడు.

"ఆగుతలేదు... బటన్ నొక్కినా ఆగుతలేదు. గా గుడ్డ ఇటియ్యి."

రవికె గుడ్డను ఉండచుట్టి, బండి గాలి పీల్చే మూతిలో కుక్కి, అరచేత్తో అదిమిపెట్టాడు. అరుపు సన్నబడి, గుటకలు మింగి, ఆగిపోయింది.

సంగతి ఇంతే. అమ్మేశానన్న బండిని ఫారంలో దాచి, భజన పేరుతో రోజూ వచ్చి బాగుచేస్తున్నాడు. ఇంజను పక్కన రబ్బరు సీలు అరిగి దొంగదారిన గాలి పీలుస్తోంది. గాలి ఎక్కువైతే అలాంటి బండి కాగిపోయి, ఆపినా వినకుండా రెచ్చిపోతుందట. పాత రేసు బండి కాబట్టి పెట్రోల్లో ఆముదం కలపాలని ఎవరో చెప్తే కలిపాడు. తన ఆముదం అయిపోయాక ఊరివాళ్లది వాడాడు, నిమ్మకాయలు కార్బురేటర్‌కు వాడాడు. అయితే దీపాల ఆముదానికి జిగురెక్కువ. పిస్టన్ రింగులు అతుక్కుపోయేవి. ఊరు భక్తితో పోసేది, బండి చెడేది, ఈయన మళ్లీ విప్పేవాడు. అలా దయ్యం రోజురోజుకీ బలపడింది.

యాదలక్ష్మి బండి వైపు వేలు చూపింది.

"మల్లన్న మీద ఒట్టేస్తివి."

"ఏసిన."

"నువ్వు సస్తవని భయపడ్డ, తెలుసా? తిండి సయించలే నాకు."

మల్లేశ్ తల దించుకున్నాడు. "నువ్వు పోతనంటివి. బండిని ఇడ్వబుద్ధి గాలే. నిన్ను ఇడిస్తే నేను బతకలేను..."

పెళ్లయ్యాక ఆయన నోట అలాంటి మాట వినడం అదే మొదలు. అదీ రవికె గుడ్డ కుక్కిన బండి పక్కన నిలబడి. యాదలక్ష్మికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

అంతలో రోడ్డు మీద కారు ఆగింది. ఊరి పెద్ద కర్ణాకర్. దయ్యాలు లేవని ప్రతి మీటింగులో మైకు పట్టుకుని చెప్పే మనిషి. ఆయన కారు దిగలేదు, అద్దం మాత్రం కాస్త దించాడు.

"గా అరుపేంది? లోపల ఎవలు?"

మల్లేశ్ బండి వెనక నక్కాడు. తెల్లారితే ఊరంతా నవ్వుతుంది. ఫారం ఓనరుకు తెలిస్తే బండి నిజంగానే పాత సామాన్ల కొట్టుకు పోతుంది. యాదలక్ష్మి కళ్లు తుడుచుకుంది, కొప్పు విప్పుకుంది, గేటు దాకా నడిచింది.

"లోపలికి రాకు అన్నా," అంది మెల్లగా. "ఉన్నది. నా కండ్లతోటి చూసిన."

కారు వెనక్కే పోయింది, తిప్పుకునే ఓపిక కూడా లేకుండా.

ఇంటికి నడుస్తూ మల్లేశ్ భయంభయంగా అడిగాడు. "మరి... రేపు భజన?"

"నేను గూడ వస్త. లైటు పట్టెటోళ్లు లేక గట్ల చీకట్ల, పొగల సస్తున్నవ్."

ఇప్పుడు అటు పగలు కూడా ఎవరూ పోవడం లేదు. ఫారంలో దయ్యాలు రెండయ్యాయని మా ఊళ్లో గట్టి నమ్మకం. ఒకటి దగ్గుతుందట. రెండోది ఆడది — అది నవ్వుతుందట.