మేము అంటే ఎవరు

కుడిచెవిలో కోచ్ సెఫాయ గొంతు, ఎడమచెవిలో అనువాద యంత్రం వారధి గొంతు, ఎదురుగా అద్దం మీద నడిమిభాషలో పరుగెత్తే అక్షరాలు. అద్దాన్నీ ఎడమచెవినీ సరిచూసుకోవడం మాటకాపరి నూకరత్నం పని. కుడిచెవిలో పడేది ఆమెకు అర్థం కాదు. అర్థం కావాలని ఎవరూ అడగలేదు కూడా.

“కుడి అంచున ఖాళీ వదలవద్దు. బంతి పోయాక చూడటం కాదు, పోకముందే చూడాలి,” అంటోంది వారధి, ఎప్పటిలాగే తడి లేని చక్కటి తెలుగులో. అద్దం మీదా అదే ఉంది. నూకరత్నం పచ్చగుర్తు పెట్టింది. “ఈ సాయంత్రం మేము గెలవాలి.” దానికీ పచ్చగుర్తు పెట్టింది.

గాజుగోడ అవతల మైదానం, మైదానం అవతల కడలిగోడ, దాని వెనక విశాఖ సముద్రం. గోడ కట్టాక సముద్రం వినబడుతుందే గాని కనబడదు. మైదానంలో జాతీయ మహిళా ఫుట్‌బాల్ జట్టు సాధన చేస్తోంది. ఒక్కో అమ్మాయిది ఒక్కో రాష్ట్రం, ఒక్కో భాష. కోచ్ అన్నది చెవిపూసలోంచి ఎవరి భాషలో వాళ్ళకి చేరుతుంది. చెవిపూసలు తీసేస్తే బంతి ఇమ్మని అడగడానికి కూడా చేతులూపుకోవాల్సిందే.

గది గోడ మీద మమేకాంకం వెలుగుతోంది. కోచ్ మాట పడినప్పుడు అమ్మాయిల గుండె, ఊపిరి, కనుపాప ఏం చేస్తాయో కొలిచి, వీళ్ళు ఈయన్ని తమవాడు అనుకుంటున్నారా లేదా అని తేల్చే గీత అది. జాతీయ జట్టుకి పరదేశి కోచ్ ఏమిటని జనం గొడవ చేస్తే నియామక మండలి పెట్టిన షరతు. సీజన్ ముగిసేసరికి ఆ పచ్చగీత గోడ మీద గీసిన సుద్దగీతను దాటాలి. దాటితే నియామకం ఖాయం, ఈ నేల మీద ఉండే హక్కూ ఖాయం. దాటకపోతే సెఫాయ మళ్ళీ ఓడపౌరుడు, నేల లేక ఓడ మీదే బతకాల్సినవాడు. ఆఖరి కొలత ఇవాళే, మ్యాచ్‌కి ముందు దుస్తుల గదిలో ఆయన మాట్లాడేటప్పుడు తీస్తారు. పచ్చగీత ఇంకా రెండు వేళ్ళ కిందే ఉంది.

పరదేశి అన్న మాటే నూకరత్నానికి మింగుడుపడదు. సెఫాయ పుట్టిన వైలోవా దీవులు నీళ్ళ కింద ఉన్నాయి. వాళ్ళకి జెండా ఉండేది, పాట ఉండేది, జట్టూ ఉండేది. నిలబడటానికి నేల లేదని పోటీల్లోంచి పేరు కొట్టేశారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఆయన ఓడ మీద పిల్లలకి ఆట నేర్పాడట. బంతి సముద్రంలో పడితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. స్వదేశమే లేనివాడు పరదేశి ఎలా అయ్యాడో మండలికే తెలియాలి.

పొద్దుటి సాధన ముగిశాక ఆయన రోజూ వారధి గదికి వస్తాడు. దాదాపు అరవై ఏళ్ళ మనిషి, మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకుని ఎక్కుతాడు. లోపలికి రాగానే చెవిపూస తీసి గుమ్మం దగ్గరి గిన్నెలో పడేస్తాడు. నూకరత్నం అల్లం టీ పోస్తుంది. ఇద్దరికీ కలిపి ఉన్న మాటలు తక్కువే: టీ, వేడి, వాన, బాగు, మోకాలు. వాటిలో ఎక్కువ వాడేది మోకాలు.

ఇవాళ ఆయన టీ ముట్టుకోలేదు. బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి ఒక గుండ్రం గీశాడు. అందులో ఒక చుక్క పెట్టి తనను చూపించుకున్నాడు. ఇంకో చుక్క పెట్టి ఆమెను చూపించాడు. “తౌ,” అన్నాడు.

పక్కన ఇంకో గుండ్రం గీశాడు. అందులో తన చుక్క, తనతో ఓడ దిగి వచ్చిన ఇద్దరు సహాయకుల చుక్కలు. ఆమె చుక్కను మాత్రం గుండ్రం బయట పెట్టాడు. “మౌ,” అన్నాడు.

నూకరత్నానికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తెలుగు మాట్లాడేవాళ్ళెవరికీ పట్టదు. మొదటి గుండ్రం మీద వేలు పెట్టి “మనం” అంది. రెండోదాని మీద పెట్టి “మేము” అంది.

ఆయన ఆ రెండు మాటలూ కాసేపు నోట్లో తిప్పుకున్నాడు. తర్వాత గాజుగోడ అవతల నీళ్ళు తాగుతున్న అమ్మాయిలను చూపించి, తన చెవి ముట్టుకుని, రెండు గుండ్రాలనూ చూపించి కనుబొమ్మలెగరేశాడు. వాళ్ళ చెవిలో పడేది ఏది అని అడుగుతున్నాడు.

ఆమె జవాబు చెప్పబోయి ఆగిపోయింది. వారధి ఎప్పుడూ మేము అనే అంటుంది. పరదేశి కదా, మేము అనక ఏమంటాడని అందరూ అనుకున్నారు, తనూ అనుకుంది. నడిమిభాషలో ఈ రెండింటికీ ఒకటే మాట. ఆయన భాషలోంచి అందులోకి దిగేటప్పుడే రెండు గుండ్రాలూ కలిసిపోతున్నాయి. అక్కణ్ణించి తెలుగులోకి ఎక్కేటప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలి గనక, వారధి మనిషి పుట్టుక చూసి ఎంచుకుంటోంది.

నూకరత్నం పాత శబ్దాలు తెరిచింది. ఎడమచెవి మూసేసి కుడిచెవితో మాత్రమే వింది. ఇన్నాళ్ళూ చప్పుడుగా విన్నది ఇప్పుడు మాటగా వినబడింది. తౌ. తౌ. మళ్ళీ తౌ. అమ్మాయిలతో మాట్లాడేటప్పుడు ఆయన నోట ఏ రోజూ మౌ రాలేదు. మొదటిసారి గెలిచిన రోజున కళ్ళు తుడుచుకుంటూ మనం గెలిచాం అన్నాడు. జట్టుకు వినబడింది మాత్రం, మేము గెలిచాము. గోలు కొట్టింది మనమూ గెలిచింది వాళ్ళూనా అని అమ్మాయిలు భోజనాల దగ్గర చాలా రోజులు ఎత్తిపొడుచుకున్నారు.

తెరవకూడదు అనుకుంటూనే ఆమె ఇంకో రోజు తెరిచింది. కెప్టెన్ దాలమ్మ తల్లి పోయిన రోజు. దాలమ్మ బారువ దగ్గరి పల్లె పిల్ల. శిబిరానికి కబురు వచ్చినప్పుడు సెఫాయ ఆ మోకాలితోనే పై అంతస్తు దాకా ఎక్కి వెళ్ళి, ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుని ఒక్క వాక్యం అన్నాడు. వారధి దాన్ని “మా అమ్మ వెళ్ళిపోయింది” అని తెలుగు చేసింది. నూకరత్నం పచ్చగుర్తు పెట్టింది.

మర్నాడు దాలమ్మ తన దగ్గరికి వచ్చి అన్నది ఆమెకు ఇంకా గుర్తుంది. “నా తల్లి సచ్చిపోయి నానేడుస్తంటే, ఆయనొచ్చి ఆయన తల్లి గోల సెప్తాడేటి అప్పా? ఆ ముసిలోడికి మనిసితనం నేదు.” ఆ తర్వాత ఆ పిల్ల కోచ్ మొహం చూసి మాట్లాడలేదు. కెప్టెన్ ఎటు ఉంటే జట్టూ అటే. పచ్చగీత ఆ రోజు పడింది, మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు కుడిచెవిలో ఆ వాక్యం మళ్ళీ నడిచింది. అందులోనూ ఉన్నది తౌ. మనమ్మ వెళ్ళిపోయింది అన్నాడు ఆయన.

నూకరత్నానికి ఏడుపు వచ్చేసింది. కొంగుతో నోరు నొక్కుకుని, రెండో గుండ్రం మీద వేలు పెట్టి చూపించింది. వాళ్ళ చెవుల్లో పడింది ఇదే. సెఫాయ ఆ తడి గుండ్రం ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె మండలి కొలతాధికారిని పిలిచింది. వినీత్ సహానీ అద్దం మీదికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. ఆమె చెప్పిందంతా వారధి ద్వారా విన్నాడు.

“మీరన్నది నిజమే కావచ్చు. వచ్చే సీజన్‌కు ఆ నియమం మారుద్దాం.”

“వచ్చే సీజన్‌కి ఆయనుంటే కదండీ. ఇవాళ్టికి ఆ ఒక్క మాట మార్చనివ్వండి.”

“కొలతలో మనిషి చెయ్యి పడకూడదు. పడితే కొలత చెల్లదు. కొలత చెల్లకపోతే నియామకం రద్దు. మీకు తెలియనిది కాదు.”

“పోనీ అమ్మాయిలకు ముందే చెప్తాను.”

“అదీ చెయ్యి పడటమే. తక్కువైంది రెండు వేళ్ళే కదా, ఆయన బాగా మాట్లాడితే ఎక్కవచ్చు,” అని సహానీ వెళ్ళిపోయాడు.

సెఫాయ ఆమె మొహంలోకి చూశాడు. నూకరత్నం తన నోరు చూపించి, మైదానం చూపించి, కడలిగోడ వైపు తిరిగి చేత్తో ఓడ ఊగినట్టు ఊపింది. నేను చెప్తే నువ్వు ఓడెక్కాలి. చెప్పకపోతే, అని చెయ్యి అటూ ఇటూ తిప్పింది, ఏమో.

ఆయన చాలాసేపు బయటి గడ్డిని చూశాడు. వచ్చిన రోజున చెప్పుల్లేకుండా ఆ గడ్డి మీద పిల్లాడిలా తిరిగిన మనిషి. తర్వాత చల్లారిన టీలో సగం ఆమె గ్లాసులోకి వంచి మిగతాది తాగాడు. మొదటి గుండ్రం ఆరిపోయిన చోట మళ్ళీ అదే గుండ్రం గీసి, చెవిపూస తీసుకుని మెట్లు దిగాడు.

సాయంత్రం దుస్తుల గదిలో ఆయన బల్ల మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. నూకరత్నం పైగది అద్దంలోంచి చూస్తోంది. గీత ఎక్కితే చాలు, ఎక్కితే ఆ తర్వాత ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, అని కనబడని దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది.

“ఇవాళ మేము భయపడము,” అంది వారధి. “మేము చేయగలిగింది చేస్తాము.”

దాలమ్మ బూట్ల లేసులు బిగించుకుంటోంది. తల ఎత్తలేదు. వెనక వరసలో ఎవరో ఆవలించారు. పచ్చగీత ఇంకో వేలు దిగింది.

ఇక ఎక్కదు. కొలత ముగియగానే ఆయన చెవిపూస ఆగిపోతుంది, వెనక తలుపు నుంచి తీసుకుపోతారు. ఆ తర్వాత ఎవరికి ఏం చెప్పినా ఆయన లేని గదిలో చెప్పినట్టే. నూకరత్నం ఆపద మైకు మీద చెయ్యి వేసింది. మంటలు లేచినప్పుడు తప్ప దాన్ని వాడకూడదు. వాడితే రేపట్నించి తనకీ గది ఉండదు.

“ఓలమ్మీ దాలమ్మా, నాను నూకరత్నాన్ని. వారధి తప్పు సెప్పింది. ఇన్నాళ్ళూ తప్పే సెప్పింది, నాను సూసుకోనేదు. ఆయన మీతో ఎప్పుడూ మేమనలేదే. మనమన్నాడు. మీయమ్మ పోయిన్రోజున మాయమ్మ అన్లేదు తల్లీ. మనమ్మ అన్నాడు.”

గోడ మీద గీత ఆరిపోయింది. చెయ్యి పడింది, కొలత చెల్లదు, నియామకం రద్దు, అని వారధి అన్ని భాషల్లోనూ ఒకేసారి చెప్పింది.

దాలమ్మ లేసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత చెవిపూస పీకి బూటులో పడేసింది. లేచి వెళ్ళి, ఆనాడు ఆయన కూర్చున్నట్టే, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

“మనమ్మేనా?” అంది.

ఆయనకి తెలుగు రాదు. కానీ పొద్దున నోట్లో తిప్పుకున్న మాట అందులో ఉంది. “మన,” అన్నాడు. “మన.” దాలమ్మ ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి, అప్పటి ఏడుపులో మిగిలిపోయిందంతా ఏడ్చింది. మిగతా అమ్మాయిలకి ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు. అయినా కెప్టెన్‌ను చూసి ఒక్కొక్కరే చెవిపూసలు తీసేశారు.

నూకరత్నం మెట్లు దిగి వచ్చేసరికి సహానీ ఇద్దరు గార్డులతో గుమ్మంలో ఉన్నాడు. సెఫాయ చెవిపూస ఆగిపోయింది. బయట స్టేడియంలో జనం అరుపులు వినబడుతున్నాయి.

“మ్యాచ్‌కు వేళైంది,” అన్నాడు సహానీ. అమ్మాయిలెవరి చెవిలోనూ పూస లేదు గనక ఆ మాట గోడలోని స్పీకరు చెప్పింది.

“మేం ఆడం,” అంది దాలమ్మ.

సహానీ తన చెవిలో పడిన మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టున్నాడు. “మేము అంటే ఎవరు? జట్టు మొత్తమా? కొందరా?”

“మేమంటే మేమేనండి. ఈయన్తో కలిపి. బయటున్నది మీరు.”

వారధి దాన్ని మోయలేకపోయింది. పరదేశిని కలుపుకుని స్వదేశీ అధికారిని బయట పెట్టే మేము దాని నియమాల్లో ఎక్కడా లేదు. స్పీకరు ఒకసారి గరగరమని ఆగిపోయింది. సహానీ చెవి తడుముకుంటూ నిలబడ్డాడు. అన్ని భాషల దారులూ ఒక్కసారే మూసుకుపోయాయని పైగదిలో గంటలు మోగుతున్నాయి.

సెఫాయకి మాత్రం దాలమ్మ నోట ఆ మాట వినబడింది. మేము. పొద్దున నూకరత్నం వేలు పెట్టిన రెండో గుండ్రం. ఆయన మొహం వాడిపోయింది. ఆఖరికి వీళ్ళూ తనను బయటే పెట్టారనుకుని ఆ పిల్ల తల మీది నుంచి చెయ్యి మెల్లగా తీసేసుకున్నాడు.

నూకరత్నం గబగబా వచ్చి నేల మీద కూలబడింది. ఎవరిదో నీళ్ళ సీసా ఒంపి, తడి వేలితో గుండ్రం గీసింది. దాలమ్మకో చుక్క, అమ్మాయిలకి చుక్కలు, తనకో చుక్క పెట్టింది. నడుమ ఇంకో చుక్క పెట్టి ఆయన గుండెను చూపించింది. గుండ్రం మూసేసి, బయట ఒక చుక్క పెట్టి సహానీని చూపించింది. “మౌ,” అంది.

ఆయన ఆ గుండ్రాన్ని చూశాడు. అందులో తన చుక్క మీద ఒకసారి వేలు పెట్టి, ఆ తడిని కళ్ళకి అద్దుకున్నాడు.

గార్డులు భుజం మీద చెయ్యి వేస్తే మారు మాట్లాడకుండా లేచాడు. దాలమ్మ చొక్కా పట్టుకుంటే ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాడు. గుమ్మం దగ్గర ఆగి, సహానీ మొహంలోకి సూటిగా చూసి, నోరు తిరగని తెలుగులో ఆ మాట తనే అన్నాడు.

“మేము.”

తర్వాత మోకాలు పట్టుకుని, ఓడ ఉన్న వైపు మెట్లు దిగాడు.