నడిమి బాక్సు

పొద్దున చాయ్ తాగి శ్రీశైలం మళ్లీ అదే డిస్కు పెట్టాడు. కూతురు సుచరిత పెళ్లి డిస్కు. తెర మీద భార్య నిర్మలమ్మ పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. వెనక సన్నాయి మాత్రం ఇల్లెగిరిపోయేలా మోగుతోంది. ఆమె పోయి తొమ్మిది నెలలు. ఆ గొంతు ఒక్కసారైనా వినబడుతుందేమోనని రోజూ ఇలాగే కూర్చుంటాడు, నల్గొండలో ఆ మూడు గదుల ఇంట్లో ఒక్కడే.

తలుపు చప్పుడైంది. కల్వకుర్తి నుంచి మొదటి బస్సుకు వచ్చిన సుచరిత రొట్టెల డబ్బాతో గడపలో నిలబడింది.

"ఎందుకొచ్చినవ్?" అన్నాడు తల తిప్పకుండా.

"ఫోన్ ఎత్తకపోతివి. ఎట్లున్నవో చూడద్దా బాపూ?"

"కాపీ చేయిస్తనని డిస్కు తీస్కపోయినవ్. మీ అమ్మ గొంతు పోగొట్టి తెచ్చిచ్చినవ్. ఇంకేం జూస్తవ్?"

దినాలు అయిన వారానికే మొదలైన తగువు అది. అప్పటి నుంచి ఆయన కూతురితో మాట్లాడలేదు. మొండితనంలో ఆయనకు ఆయనే సాటి. సుచరితకూ కోపం ముంచుకొచ్చింది. ఫోన్ తీసి, చేయించిన కాపీ పెట్టింది. అందులో నిర్మలమ్మ గొంతు సన్నగా, స్పష్టంగా పలికింది.

శ్రీశైలం రిమోట్ పక్కన పెట్టి ఫోన్ మీదికి వంగాడు. "మరి నా దాంట్ల ఎందుకు రాదు?"

అది ఐదు స్పీకర్ బాక్సుల హోం థియేటర్. రిటైరైన ఏడాది ముచ్చటపడి కొన్నాడు. వెనక రెండింటి వైర్లు ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. ఇప్పుడు టీవీకి అటొకటి, ఇటొకటి మిగిలాయి.

"నడిమి బాక్సేది బాపూ? మాటలన్నీ దాంట్లకెళ్లే గదా వచ్చేది."

ఆయన టీవీ ముందున్న, దండ వేసిన ఫోటో వైపు చూశాడు.

"అమ్మను పెట్టనీకె జాగా లేకుండె. పదకొండో దినం నేనే తీసి అటక మీద పెట్టిన."

సుచరిత కోపమంతా ఆ మాటతో దిగిపోయింది. ఫోటో మీదికి ఆమె చెయ్యి వెళ్లగానే ఆయన కంగారుపడ్డాడు.

"తియ్యకు బిడ్డా."

"తియ్య బాపూ. నడిమిది లేదని గీ మిషిన్‌కు చెప్పాలె. నువ్వు చెప్పకపోతివి. ఇంక ఉన్నదనుకొని మాటలన్నీ గటే పంపుతాంది."

తెర మీద సెట్టింగు తెరిచి, ఎక్కడ నొక్కాలో చూపించింది. 'లేదు' అని నొక్కడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. తొమ్మిది నెలల్లో ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

డిస్కు మళ్లీ మొదలైంది. రెండు బాక్సుల్లోంచి కలిసి వచ్చిన గొంతు సరిగ్గా నడుమ, ఫోటోలోంచి వస్తున్నట్టే వినబడింది.

"ఏమయ్యా, పొద్దటి సంది తిరుగుతనే ఉన్నవ్. బిడ్డ పోతాందని తర్వాత ఏడుద్దువు గని, ముందుగాల ఇంత తిను."

శ్రీశైలం దాచుకోకుండా ఏడ్చాడు. కూతురి చెయ్యి పట్టుకుని, "నిన్ను ఉత్తగనే తిట్టిన బిడ్డా," అన్నాడు.

సుచరిత కళ్లు తుడుచుకుని డబ్బా మూత తీసింది. ఆయన రొట్టె తుంచి, ఫోటో వైపు తిరిగాడు.

"తింటున్ననే," అన్నాడు.