ఇరమ్ బొందల కంపు

పొద్దుగూకినంక ఆ బొంద దిక్కు పోవుడు కాదు, ఆ దిక్కు కాళ్లు పెట్టి పండుడు గూడ లేదు. అరబ్బు దేశంల తుమ్రైత్ అవతల ఎడారిల పనిచేసినోళ్లను ఎవ్వలనన్న అడుగుండ్రి, గిదే చెప్తరు.

పెద్ద గుంత అది. ఒకప్పుడు అండ్ల నీళ్లుండెనట, నీళ్ల సుట్టు ఊరుండెనట. ఖురాన్ల చెప్పిన స్తంభాల ఊరు ఇరమ్ ఇదేనేమోనని పెద్ద పెద్ద సార్లు వచ్చి తవ్విపిస్తుండిరి. ఇంతకుముందు ఆడ అన్నరట, ఈడ అన్నరట, ఏదీ తేలలే. స్తంభాల అడుగురాళ్లు కనవడితె తేలుతదట.

"ఆ ఊరోళ్లు మదమెక్కి దేవుని మాట ఇనలే. గాలి లేసింది... ఊరు ఊరంత ఖతం," అని వంట చేసే సమీయుల్లా చెప్పెటోడు. నిజామాబాదాయన. నాకీ ముచ్చట చెప్పింది గూడ ఆయనే. "అండ్లకు దిగకుండ్రి. వాళ్లింక అండ్లనే ఉన్నరంటరు."

ఉన్నరో లేరో గని, కంపు మాత్రం ఉన్నది. థూ! ఏం కంపది! నెల కింద మొదలైంది. పగలు జర నయం. పొద్దుగూకి గాలి తిరిగిందంటె సాలు, క్యాంపుల బుక్క నోట్లె పెట్టుకోనీయదు. ఏదో మేక పడి సచ్చి ఉంటదన్నరు సార్లు. పని గట్టు మీదనే నడుస్తుండె, బొందల దిగి సూసినోడు లేడు. కావలికున్న జావెద్ అయితె అండ్లకెల్లి గుసగుసలు ఇనవడ్డయని ఒట్టు పెట్టుకొని, తెల్లారేసరికి మూటకట్టుకొని దుక్మ్ పట్నం దిక్కు పోయిండు.

ఆ కంపుతోని అందరికంటె ఎక్కువ సచ్చింది లింబాద్రి. జగిత్యాల దిక్కు మనిషి. అసొంటి చీదర మనిషిని మీరు సూసి ఉండరు. ఒకలు తాగిన గ్లాసు ముట్టడు, ఒకలు పండిన మంచం మీద కూసోడు. వాళ్ల అత్త లస్మవ్వ బతుకంత బీడీలు చేసింది. తడి తునికాకు, తంబాకు... ఎంత కడిగినా ఆమె చేతులకు ఆ వాసన పోకపోయేది. "ఆ చేతుల ముద్ద నాకొద్దు" అని పెండ్లినాడే మొఖం తిప్పుకున్నడు ఈ మారాజు. మళ్ల ఎన్నడు ఆమె ఇంట్ల బుక్క తినలే. ఆమె గూడ అడిగి అడిగి ఊకున్నది. పోయిన నెల సచ్చిపోయింది.

లస్మవ్వ కొడుకు దేవదాసు. లింబాద్రికి బామ్మర్ది. ఇద్దరిదీ అదే సైట్, అదే రూమ్. అవ్వ సచ్చిపోయిందని ఫోనొస్తె దేవదాసు ఫోర్‌మన్ కాళ్లు పట్టుకున్నడు, ఊరికి పంపుమని. "తవ్వకాల సీజన్ అయినంక పో" అన్నడు ఆ పుణ్యాత్ముడు. కన్నతల్లి కాలుతుంటె కొడుకు ఫోన్ల సూసిండు. థూ, ఏం బతుకు!

ఆనాటి సంది దేవదాసు ఎండుకపోవట్టె. మెస్సుల పళ్లెం తీసుకుంటడు, తినంగ మాత్రం ఎవ్వలు సూడలే. కండ్లు గుంతలు వడ్డయి. ఒళ్లు కాలుతది. రాత్రి మంచం మీద ఉండడు, అడిగితె మాట్లాడడు.

"బొందల గాలి సోకింది," అన్నడు సమీయుల్లా మెల్లగ. "గిట్లనే ఇడిసిపెడితె దక్కడు."

లింబాద్రికి ఇల్లు యాదికొచ్చింది. ఇంటికాడ పెండ్లాం కవిత ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట, "అవ్వ పోయింది, నాకు మిగిలింది తమ్ముడొక్కడే. జర సూసుకో" అని. వాడు గూడ పోతె ఆమెకు ఏ మొఖం సూపెట్టాలె?

ఆ రాత్రి దేవదాసు మంచం మళ్ల ఖాళీ...

లింబాద్రి ముక్కుకు తువ్వాల కట్టుకున్నడు. ఫోన్ లైటు పట్టుకొని బొంద దిక్కు నడిసిండు. ఒక్కొక్క అడుగుకు కంపు దగ్గరికి వస్తున్నది. తువ్వాల ఆపలే. నోటితోని గాలి పీలిస్తె నాలిక మీద పడుతున్నది ఆ కంపు.

నిచ్చెన దిగిండు. కాలు పెట్టంగనే దేనికో తాకింది, మట్టి మోసే గమేళా ఒకటి దొర్లింది. దాని కిందిది మెత్తగ... పాదానికి అంటుకున్నది.

లైటు కొట్టిండు. అన్నం. అన్నం మెతుకులు... కదులుతున్నయ్!

పురుగులు. కుప్పలు కుప్పలు. నల్లగైన మాంసం ముక్కల మీద, వేళ్ల సందుల... లింబాద్రి ఆడనే భళ్లున కక్కుకున్నడు.

కక్కుకుంట ఉండంగనే, ఆ కుళ్లు కంపుల నడుమ ఇంకో వాసన తగిలింది. తెలిసిన వాసన. తునికాకు... తంబాకు.

అప్పుడు ఇనవడ్డది.

"ముట్టు... ఒక్కపారి ముట్టు..."

రాయి చాటుకు తెల్లగ ఏదో కూసున్నది. తల నుంచి కాళ్ల దాక తెల్లటి ముసుగు. లింబాద్రి లైటు అటు కొట్టిండు.

ముసుగు ఇటు తిరిగింది.

"బావా... లైటు ఆర్పు. పిట్ట బెదురుతది."

దేవదాసు! దుప్పటి కప్పుకొని జ్వరంతోని వణుకుతున్నడు. ముందట మెస్సు పళ్లెం, అండ్ల అన్నం, మటన్. మీద రాతి సందుల నల్లపిట్ట గూడు. మన కాకి అసొంటిదే, జర పెద్దది.

"ఊర్ల మూడొద్దుల నాడు అవ్వ పేరు మీద పిట్టకు పెడితె ముట్టలేదట బావా. పొద్దుమూకేదాక సూసిండ్రట. కొడుకు మీద పానం కొట్టుకుంటున్నది, వాడు పెడితెనే ముడుతదన్నరట పెద్దమనుషులు. అక్క నాకొక్కనికే చెప్పింది. అవ్వ మాటెత్తితె నువ్వు మొఖం మాడ్సుకుంటవని నీకు చెప్పలే." దేవదాసు ముక్కు తుడుసుకున్నడు. "అవ్వ తినంది నాకు ఎట్ల దిగుతది? చాయ్, బిస్కెట్ల మీదనే ఉన్న. దినాం పెడుతున్న. ముట్టుతలేదు. ముట్టంది తీసెయ్యొద్దు గద, సార్లు సూడకుండ గమేళాలు బోర్లిచ్చి పోతున్న."

లింబాద్రి తల పట్టుకున్నడు.

"ఓరి సన్నాసి! రాత్రి పిట్ట ఎట్ల ముడుతదిరా? అది పండుకోదా?"

దేవదాసు బావ దిక్కు సూసిండు.

"పొద్దంత డ్యూటీ గద బావా."

లింబాద్రి లైటు ఆర్పిండు.

"ఎన్నడో సచ్చిన ఊరిని ఎతుకనీకి ఎక్కడెక్కడి నుంచో వచ్చిండ్రు," అన్నడు దేవదాసు. "మా అవ్వ మొన్న సచ్చిపోతె నన్ను పంపలే."

లింబాద్రికి అసలు చీదర అప్పుడు పుట్టింది. ఆ ఫోర్‌మన్ మీద, ఆ డ్యూటీ మీద, అందరికంటె ఎక్కువ తన మీద. ఒకలు తాగిన గ్లాసు ముట్టనోడు ఉత్త చేతులతోని ఆ కుళ్లంత గమేళాలకెత్తిండు. దూరం మోసి, ఇసుకల లోతుగ పూడ్చిండు. నీళ్ల డబ్బాలు మోసి జాగంత కడిగిండు. బామ్మర్దిని ఎత్తుకొని రూమ్‌కు తెచ్చిండు.

సంగతి ఇని, తెల్లారకముందే సమీయుల్లా వేడి వేడిగ వండి ఇచ్చిండు. పొద్దు పొడిసె యాళ్లకు బావ, బామ్మర్ది బొందల పళ్లెం పెట్టి దూరం జరిగి నిలవడ్డరు. గట్టు మీద ఫోర్‌మన్ హాజరుకు ఒర్రవట్టె. ఒర్రనీ! ఇద్దరు కదలలే.

నల్లపిట్ట దిగింది. పళ్లెం సుట్టు గెంతింది. ఆగింది... తల వంచి ముద్దల ముక్కు పెట్టింది.

దేవదాసు కూలవడి ఏడ్సిండు. ఏడ్సి ఏడ్సి, "బావా, ఆకలైతుంది" అన్నడు. ఆ మాట ఇని లింబాద్రి గూడ ఏడ్సిండు.

నిచ్చెన కాడికి వచ్చిండ్రు. లింబాద్రి బామ్మర్ది భుజం తట్టిండు.

"బీడీలు గూడ పెట్టి మంచి పని చేసినవ్ రా. రాత్రి దిగంగనే వాసనొచ్చింది. ఏడ దొరికినయ్?"

దేవదాసు ఆగిపోయిండు.

"బీడీలా? ఈ ఎడారిల బీడీలు ఏడియి బావా? నేను ఎన్నడు పెట్టలే."

ఇద్దరు ఎనుకకు తిరిగి సూసిండ్రు. కుళ్లు లేదు, కంపు లేదు. కడిగిన రాయి మీద పళ్లెం, పిట్ట... అంతె. గాలి గూడ లేదు. అయినా కిందికెల్లి మెల్లగ లేసింది. తడి తునికాకు, తంబాకు.

అలవాటు కొద్ది లింబాద్రి చెయ్యి ముక్కు మీదికి పోయింది. మధ్యల ఆగింది. మెడల ఉన్న తువ్వాల తీసి కింద పడేసి, ఆ వాసనను కడుపునిండ పీల్సుకున్నడట.

"అత్తా..." అన్నడట. "ఒక ముద్ద పెట్టు."