అక్క పేరు మీద బిడ్

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు చిన్నది ఫోనులో అక్క కొట్టు పేరు టైపు చేసింది. అన్నిటికన్నా పైన తన కొట్టే కనబడింది. అక్కది ఎక్కడో కింద ఉంది. ఆమె కడుపు చల్లబడింది.

"మళ్ళీ అదే పనా?" అన్నాడు భర్త లాప్‌టాప్ తెరుస్తూ. సంచులు కుట్టడం ఆమె వంతు, వాటికి ఆన్‌లైన్‌లో యాడ్స్ నడపడం, అవి పైన కనబడేలా వేలంలో బిడ్ పాడటం అతని వంతు. "నా మాట విను. కొనేలా ఉన్నవాళ్ళు కనబడినప్పుడే బిడ్ పెంచమని పెడదాం. ఎంతయినా సరే పైనే ఉండాలంటే యాడ్ నొక్కిన ప్రతివాడికీ మనం డబ్బు కట్టుకోవాలి. వాళ్ళేమో మీ అక్క కోసం వచ్చి, మనం కాదని తెలియగానే పోతున్నారు."

"పోనీ. దాని దగ్గరికి వెళ్ళకపోతే చాలు."

"ఇది వ్యాపారమా, పగా?"

"పగే! మూడు అరల సంచీ గీసిందెవరు? నేను. కొట్లు వేరుపడ్డ నెలకే దాన్ని తన కొట్టులో పెట్టుకుని అమ్ముతుంటే చప్పట్లు కొట్టమంటావా? ఇంకా పెంచు."

అతను బిడ్ పెంచాడు.

మధ్యాహ్నం అక్కే వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా కొట్టు పేరు వెతికితే నీ సంచులు వస్తున్నాయేంటే?"

"డబ్బు పెట్టి తెచ్చుకున్నా. నువ్వూ పెట్టుకో."

"బేరాల్లేక కుట్టేవాళ్ళిద్దర్నీ నిన్న మానిపించాను, తెలుసా?"

ఈ మాట కోసమే చిన్నది మూడు నెలలుగా కాచుకుని ఉంది. "నా సంచీ దొంగిలించినప్పుడు నాకెలా ఉందో ఇప్పుడు తెలిసిందా?"

"దొంగిలించానా?" అక్క ఇంకేదో అనబోయి ఆగింది. గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది. ఆ పూటంతా చిన్నది కూనిరాగాలు తీస్తూ మిషన్ తొక్కింది.

మూడో రోజు ఒక పార్సిల్ వచ్చింది. లోపల పట్టీ తెగిన మూడు అరల సంచీ, ఒక చీటీ ఉన్నాయి. "పోయినసారిలాగే బాగుచేసి పంపండి. మీ చెల్లెలి డిజైనంటే మా ఆవిడకి ప్రాణం." వెతికితే పైన కనబడింది అక్క కొట్టే అనుకుని, ఎవరో ఇక్కడికి పంపేశారన్నమాట.

మీ చెల్లెలా? చిన్నది సంచీ తిరగేసింది. లోపలి కుట్టు పక్కన వేలెడంత గుడ్డముక్క. దాని మీద అక్క చేత్తో కుట్టిన అక్షరాలు: "గీసింది మా చెల్లెలు."

ఫోనులో బొమ్మ చూసి మండిపడిందే గానీ, ఇన్నాళ్ళలో ఒక్క సంచీ విప్పి చూడలేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

"అక్క పేరు మీద బిడ్ తీసెయ్యి," అంది భర్తతో. "నువ్వన్నట్టే, మన సంచులు కావాలనుకునేవాళ్ళకే పెట్టు."

తెగిన సంచీ పట్టుకుని వెళ్ళేసరికి అక్క కొట్టులో రెండు మిషన్లు ఖాళీగా ఉన్నాయి. అక్క ఒక్కతే కుడుతోంది.

"నీ బేరం ఒకటి దారితప్పి నా దగ్గరికొచ్చింది," అంది చిన్నది.

"ఒకటేనా?"

చిన్నది తలదించుకుంది. "ఆ రోజే చెప్పొచ్చుగా అక్కా."

"దొంగ అన్నాక ఏం చెప్పను? అయినా నిన్ను అడక్కుండా అమ్మడం నా తప్పేలే."

"మానిపించిన ఇద్దరి ఇళ్ళకీ రేపు నేనే వెళ్తా. బతిమాలి తీసుకొస్తా."

అక్క ఒక మిషను మీద కప్పిన గుడ్డ తీసింది. "పట్టీ నువ్వే కుట్టు. నీ కుట్టు గట్టిగా పడుతుంది."

చిన్నది కూర్చుంది. కళ్ళ నిండా నీళ్ళు, సూది బెజ్జం కనబడలేదు. మూడుసార్లు తప్పింది. అక్క ఆమె చేతిలోంచి దారం తీసుకుని, తనే ఎక్కించి ఇచ్చింది.